పంపు పిడి తీయించిన వైద్యుడు

నీళ్లు మంచివో కావో తెలిసికొనుటకు మన పెద్దలు మూడు సంగతులు చూచెడివారు. తేటగా ఉండవలెను, వాసన లేకుండవలెను, నోటికి రుచిగా ఉండవలెను. ఈ మూడు గుణములు గల బావికి ఊరంతయు బిందెలు పట్టుకొని వచ్చును. ప్రక్కనే మరియొక బావి ఉన్నను, ఆ నీళ్లు ఉప్పనివనియో, వాటితో పప్పు ఉడకదనియో విడిచిపెట్టి, నాలుగు వీధులు దాటియైనను మంచినీళ్ల బావికే పోవుదురు. లండను పట్టణములో సోహో అను పేటలో అట్టి బావి యొకటి ఉండెను. దానిపైన చేతిపంపు అమర్చబడి యుండెను. బ్రాడ్ వీధి పంపు అని దానికి పేరు. దాని నీళ్లు చల్లగాను తేటగాను ఉండుటచేత దూరపు వీధులవారు సయితము తమ దగ్గరనున్న పంపులను విడిచి అక్కడికే వచ్చుచుండిరి. 1854వ సంవత్సరము సెప్టెంబరు నెల మొదటి పది దినములలో ఆ పంపు చుట్టుప్రక్కల అయిదు వందలమందికి పైగా కలరాచేత చనిపోయిరి. వారిని చంపినది ఆ మంచి నీళ్లే. ఈ సంగతిని లోకమునకు చూపిన జాన్ స్నో అను వైద్యుని జీవితమును ఈ నెల మన చదువరుల ముందుంచుచున్నాము.

జాన్ స్నో 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఇంగ్లాండు ఉత్తర భాగమందలి యార్కు పట్టణములో జన్మించెను. తండ్రి బొగ్గు కొట్టులో కూలిపని చేసి కుటుంబమును పోషించుచుండెను. తొమ్మండుగురు బిడ్డలలో జాన్ పెద్దవాడు. వారి యిల్లు ఊజ్ నది యొడ్డున బీదలు నివసించు వీధిలో ఉండెను. ఏరు పొంగినప్పుడు ఆ పల్లమునకు ముంపు భయము ఉండెడిది. మురికియు వరదయు ఎట్లుండునో ఆయన పుస్తకములలో చదువుటకు ముందే తన వాకిట చూచియుండెను. బాలుడు లెక్కలలో చురుకైనవాడు. బీదవారైనను తలిదండ్రులు వానిని చదివించి, 14వ యేట, అనగా 1827లో, న్యూకాసిల్ పట్టణమందలి యొక వైద్యునియొద్ద శిష్యునిగా పెట్టిరి. ఆ కాలమున బీదయింటి పిల్లవాడు వైద్యుడగుటకు అదియే దారి. గురువుగారి వెంట రోగుల యిండ్లకు తిరిగి పని నేర్చుకొనవలెను.

ఆయనకు 18 సంవత్సరముల వయస్సున కలరా మొదటిసారి ఇంగ్లాండునకు వచ్చెను. ఈ రోగము మన దేశమువారికి క్రొత్తది కాదు. గత్తర యనియు, వాంతిభేది యనియు మన పల్లెలలో దానికి పేర్లు. గంగానది సముద్రములో కలియు బంగాళా దేశములో అది యెంతోకాలముగా ఉండెను. 1817లో అక్కడినుండి బయలుదేరి, సైన్యముల వెంటను, వర్తకుల వెంటను, ఓడల వెంటను దేశదేశములకు ప్రాకెను. 1831వ సంవత్సరము చివర సండర్లాండు రేవులో దిగి, అక్కడినుండి న్యూకాసిల్‌కు వచ్చెను. ఉదయము ఆరోగ్యముగా పనికి పోయిన మనుష్యుడు మధ్యాహ్నమునకు మంచము పట్టును. బియ్యము కడిగిన నీళ్లవంటి విరేచనములు ఆగకుండ అగును. కన్నులు లోతుకు పోవును, కాళ్లు చేతులు కొంకర్లు పోవును, చర్మము నీలివన్నె తిరుగును. రాత్రికి ప్రాణము పోవును. శరీరములోని నీరంతయు ఉప్పుతో కూడ బయటికి పోవుటయే ఆ మరణమునకు కారణము. ఆ నాటి వైద్యులు అది యెరుగక, ఎండిపోవుచున్న రోగికి నరము కోసి రక్తము తీయుచుండిరి!

కిల్లింగ్‌వర్తు అను చోటనున్న బొగ్గు గనులలో రోగము ప్రబలినప్పుడు గురువు ఈ శిష్యుని అక్కడికి పంపెను. పెద్ద వైద్యుడు వెళ్లవలసిన చోటికి పడుచువాడు వెళ్లెను. ఒంటరిగా పగలనక రాత్రియనక పనివారిని చూచెను గాని బ్రదికించిన మందు ఆయన చేతిలో లేదు, ఎవరి చేతిలోను లేదు. అయితే ఆయన కన్ను ఊరకుండలేదు. గనివారు ఎనిమిది తొమ్మిది గంటలు భూమి లోపలనే ఉందురు. తినుటకు మూట కట్టుకొని పోవుదురు. అక్కడ మరుగుదొడ్డి లేదు, చేతులు కడుగుకొనుటకు నీళ్లు లేవు. చీకటిలో ఎక్కడ కూర్చుండిరో అక్కడనే మలవిసర్జనము, ఆ చేతితోనే రొట్టె. చాల సంవత్సరములైన తరువాత ఆయన తన పుస్తకములో ఈ గనుల సంగతి వ్రాసెను. అనగా ఆ దృశ్యము మనస్సులో నిలిచియే యుండెనన్నమాట.

ఈ కాలములోనే ఆయన మాంసాహారము మానెను, మద్యము ముట్టనని తీర్మానించుకొనెను. త్రాగు నీటిని గూర్చి మిక్కిలి జాగ్రత్తపడి, ఆవిరిపట్టి చల్లార్చిన నీటినే కోరుచుండెనని చెప్పుదురు. (తరువాత ఆరోగ్యము చెడినప్పుడు వైద్యుల మాటచొప్పున కొంచెము మాంసమును ద్రాక్షారసమును పుచ్చుకొనెను.) 1836లో లండను చేరి పై చదువులో ప్రవేశించెను. బండి కూలికి డబ్బు చాలకనో, నడక యిష్టమగుటచేతనో, దారిలో చాల భాగము కాలినడకనే వెళ్లెను. 1838లో శస్త్రవైద్యుడుగా అంగీకరింపబడెను. 1844లో లండను విశ్వవిద్యాలయమువారి ఎం.డి. పట్టము పొందెను. సోహో పేటలో ఒక చిన్న యింట కాపురముండి, అక్కడి పనివారికిని బీదవారికిని వైద్యము చేయుచుండెను. వివాహము చేసికొనలేదు. మాట కొంచెము బొంగురు, మనిషి మితభాషి.

ఆయనకు పేరు తెచ్చినది కలరా పని కాదు, మత్తుమందు. 1846లో అమెరికాలో ఈథరు అను మందు ఆవిరి పీల్పించి నొప్పి తెలియకుండ శస్త్రము చేసిరను వార్త ఇంగ్లాండునకు రాగానే, ఆయన దానిని శ్రద్ధగా పరీక్షించెను. ఎంత వేడిమిలో ఎంత ఆవిరి పుట్టును, ఎంత పీల్చినచో రోగి నిద్రపోవును, ఎంత మించినచో ప్రాణమునకు ముప్పు అని లెక్కలు కట్టి, పీల్చుటకు తగిన సాధనమును తానే చేయించెను. తరువాత క్లోరోఫారము విషయమునను అట్లే చేసెను. 1853వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన విక్టోరియా రాణికి పురుడు వచ్చినప్పుడు చేతిరుమాలుపైన క్లోరోఫారము చుక్కలు వేసి ఆమెకు నొప్పి తగ్గించినవాడు ఈయనయే. 1857లో మరల పిలువబడెను. బొగ్గు కూలివాని కుమారుడు రాణిగారి గదిలో నిలిచెను. ఇది చెప్పుకొనదగినదే గాని, మన కథకు కావలసినది వేరొకటి. ఆవిరులను అంతగా తూచి కొలిచినవానికి ఆవిరి గుణము తెలియును. మూలమున దట్టముగా ఉండి, దూరము పోయినకొలది పలుచనగును. ఈ తెలివియే ఆయనను ఆ నాటి వైద్యులందరితో వాదమునకు దింపెను.

ఆ నాటి వైద్యులు ఏమనుకొనుచుండిరి? మురికినుండియు కుళ్లునుండియు లేచు దుర్గంధమే రోగమని వారి నమ్మకము. చెడుగాలి పీల్చినవానికి కలరా వచ్చునని పెద్ద పెద్ద అధికారులు చెప్పుచుండిరి. వారిని మూర్ఖులని అనుటకు వీలులేదు. వారు దయగలవారు, బీదల పేటలు శుభ్రము చేయింపగోరినవారు. రోగము ఎక్కువగా నున్న చోట కంపు ఎక్కువగా ఉండుట వారు కన్నులార చూచిరి. అయితే ఆ నమ్మకము వారిచేత ఒక ఘోరమైన పొరపాటు చేయించెను. ఇండ్లలోని మలము గుంటలలో నిలిచి కంపుకొట్టుచున్నదని, దానిని కాలువలగుండ థేమ్సు నదిలోనికి వదలించిరి. ఇంటిలో కంపు కొంత తగ్గెను. అయితే పట్టణములో వేలకొలది జనులు త్రాగుచున్నది ఆ నది నీళ్లే!

1848లో కలరా రెండవసారి లండనునకు వచ్చెను. హాంబర్గు రేవునుండి వచ్చిన ఓడలోని నావికుడొకడు ఒక గదిలో అద్దెకు దిగి, కలరాతో చనిపోయెను. కొలది దినములలో అదే గదిలోనికి మరియొకడు వచ్చి చేరగా వానికిని ఆ రోగమే వచ్చెను. రోగము గాలిలో నుండి పుట్టినదైతే రోగమున్న ఊరినుండి వచ్చినవాని వెంటనే ఏల రావలెను? స్నో ఇంకొక సంగతి ఆలోచించెను. ఊపిరిద్వారా విషము ప్రవేశించినచో మొదట జ్వరమో, దగ్గో, తలనొప్పియో రావలెను గదా. కలరా అట్లు కాదు, మొదటి బాధ కడుపులోనే. కాబట్టి దాని విత్తనము నోటిద్వారా కడుపులోనికి పోవుచున్నది. అది అక్కడ పెరిగి, రోగి మలముతో బయటికి వచ్చి, నీటిద్వారానో చేతులద్వారానో మరియొకని నోటికి చేరుచున్నది. విత్తనమని ఎందుకనుచున్నామనగా, విషము పంచినకొలది తరుగును, ఇది పంచినకొలది పెరుగుచున్నది. 1849లో ఆయన ఈ సంగతి ఒక చిన్న పుస్తకముగా అచ్చువేయించెను. ఎవరును లెక్కచేయలేదు.

ఇప్పుడు మనకు తెలిసినది ఆయన చెప్పినదే. కలరాకు కారణము కంటికి కనబడని సూక్ష్మక్రిమి. అది చిన్నప్రేగులో చేరి ఒక విషమును పుట్టించును, ఆ విషమే ప్రేగునుండి నీటిని కాల్వగా పారించును. మలములోని క్రిములు లక్షలకొలది, కోట్లకొలది యుండును. రోగము పైకి కనబడనివాని మలములోను అవి యుండవచ్చును. టైఫాయిడు, రక్తవిరేచనములు, పోలియో మొదలగునవి ముఖ్యముగా ఈ త్రోవనే నడచును. అన్ని అంటురోగములకు ఒకే త్రోవ లేదు. ఆటలమ్మ, తట్టు, క్షయ గాలిలో వచ్చును. మలేరియా దోమ కాటున వచ్చును. దోమ కడుపులో దాని జాడను రొనాల్డు రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొనెను. ప్రతి రోగమునకు దాని త్రోవ తెలిసిననాడే దానిని అడ్డగింపవచ్చును. క్రిమిని కన్నులతో చూడకముందే త్రోవను కనుగొనుట జాన్ స్నో చేసిన పని.

1854లో కలరా మరల వచ్చెను. లండను దక్షిణ భాగములో రెండు కంపెనీలు గొట్టములద్వారా ఇండ్లకు నీళ్లు ఇచ్చుచుండెను. వీధి ఒకటే, గాలి ఒకటే, ప్రక్క ప్రక్క ఇండ్లే. ఒక యింటికి ఒక కంపెనీ నీళ్లు, పొరుగింటికి వేరొక కంపెనీ నీళ్లు. లాంబెత్ కంపెనీవారు 1852లో తమ నీటి యంత్రములను ఊరి మురికి కలియకముందు, నదికి పైభాగమునకు మార్చుకొనిరి. సౌతువార్కు వాక్సాల్ కంపెనీవారు ఊరి మురికి కలిసిన చోటనే తోడుచుండిరి. స్నో ఈ సంగతి చూచి మిక్కిలి సంతోషించెను. ఎవరును చేయలేని పరీక్ష తనంతట తానే జరుగుచున్నది! కలరా మరణము సంభవించిన ఇండ్లకు పోయి, మీకు నీళ్లు ఎవరివి అని అడుగుచు తిరిగెను. అద్దెకున్నవారికి అది తెలియదు. అప్పుడాయన నీటిలోని ఉప్పును పరీక్షించు ఉపాయము కనిపెట్టెను. క్రింది కంపెనీ నీటిలో ఉప్పు చాల హెచ్చు. మొదటి ఏడు వారముల లెక్క తేలగా, క్రింది కంపెనీ నీళ్లు త్రాగిన ప్రతి 10,000 ఇండ్లలో 315 మంది చనిపోయిరి. పై కంపెనీ నీళ్లు త్రాగిన ప్రతి 10,000 ఇండ్లలో 37 మంది మాత్రమే.

ఈ లెక్కలు సాగుచుండగనే, ఆగస్టు 31వ తేదీ రాత్రి, ఆయన నివసించు ప్రాంతమునకు సమీపముననే బ్రాడ్ వీధిలో రోగము పిడుగువలె పడెను. మూడు దినములలో ఆ వీధిలోను ప్రక్కలను 127 మంది చనిపోయిరి. ఒక్కొక్క గదిలో తండ్రి, తల్లి, పిల్లలు కలిసి పడియుండిరి. జనులు ఇండ్లు విడిచి పారిపోయిరి. స్నో ఆ పేటలోనికి వెళ్లెను. మొదట పంపు నీటిని గాజుగిన్నెలో పట్టి చూచెను. దానిలో చెప్పుకొనదగిన మురికి యేమియు కనబడలేదు. ఇక్కడ మరియొకడైతే వెనుకకు తిరిగిపోవును. ఆయన మరణముల పట్టీ వ్రాయించుకొని ఇల్లిల్లు తిరిగెను. పట్టీలోని 83 మరణములలో 73 ఆ పంపు దగ్గరివే. వారిలో 61 మంది ఆ నీళ్లు త్రాగువారని తెలిసెను. మిగిలిన పదిమంది వేరొక పంపునకు దగ్గరివారు. వారి సంగతియేమి? అయిదు కుటుంబములవారు రుచికొరకు బ్రాడ్ వీధి నీళ్లే తెప్పించుకొనువారు. ముగ్గురు పిల్లలు ఆ పంపు మీదుగా బడికి పోవువారు.

చనిపోయినవారిని లెక్కించుట యెవరైనను చేయుదురు. చనిపోనివారిని ఈయన వెదకెను. ఆ ప్రక్కనే 535 మంది బీదలు నివసించు ధర్మశాల యుండెను. చుట్టును మరణములే యైనను దానిలో అయిదుగురు మాత్రమే చనిపోయిరి; ఆ ఆవరణములో వారికి వేరే బావి కలదు. బ్రాడ్ వీధిలోనే బీరు కాచు కర్మాగారము ఉండెను. 70 మందికి పైగా పనివారిలో ఒక్కడును చావలేదు. వారికి త్రాగుటకు బీరు ఇచ్చెదరు, పైగా లోపల స్వంత బావి కలదు. (మద్యము మానినవాడు ఈ సాక్ష్యమును వ్రాసికొనవలసి వచ్చెను, పాపము!) అన్నిటికంటె గట్టి సాక్ష్యము దూరపు పల్లెనుండి వచ్చెను. హాంప్‌స్టెడ్డు అను చోట ఒక విధవరాలు ఉండెను. పూర్వము బ్రాడ్ వీధిలో కాపురముండి ఆ నీటి రుచి మరువలేక, దినదినము బండిమీద ఒక పెద్ద సీసా నీళ్లు తెప్పించుకొనుచుండెను. ఆగస్టు 31న వచ్చిన సీసా నీళ్లు త్రాగి సెప్టెంబరు 2న ఆమె చనిపోయెను. చూడవచ్చిన మేనకోడలు అవి త్రాగి, ఇజ్లింగ్టనులోని తన యింటికి పోయి చనిపోయెను. ఆ రెండు చోట్లను అప్పుడు మరి కలరా లేదు. గాలి అంత దూరము ఒక్క యింటికే పోవునా?

సెప్టెంబరు 7వ తేదీ సాయంకాలము పేట పెద్దలు కూడియుండగా స్నో వెళ్లి తన లెక్కలు చెప్పి, పంపు పిడి తీసివేయుడని వేడుకొనెను. వారు నమ్మిరని చెప్పలేము. అయినను మరునాడు, సెప్టెంబరు 8న, పిడి తీయించిరి. అప్పటికే జనులు పారిపోవుటచేత రోగము తగ్గుచుండెను; ఈ మాటను స్నో దాచక తానే వ్రాసెను. మొత్తము 616 మంది చనిపోయిరి.

ఇక ఈ చరిత్రలో రెండవ మనుష్యుని గూర్చి చెప్పవలెను. ఆయన మన సంఘ గురువులవంటి గురువు. హెన్రీ వైట్‌హెడ్ అను 28 సంవత్సరముల సహాయగురువు బెర్విక్ వీధిలోని సెయింట్ లూకా దేవాలయములో పని చేయుచుండెను. ఆ దినములలో ఆయన యింటింటికి తిరిగి, రోగుల ప్రక్కను కూర్చుండి, చనిపోవువారితో ప్రార్థించెను. అశుభ్రమైన ఇండ్లలోనే రోగము వచ్చుననువారిమాట తప్పని ఆయన చూచెను. శుభ్రముగా నుంచుకొన్న ఇండ్లును ఖాళీ యైనవి. స్నో చెప్పిన నీటి సంగతియు ఆయన నమ్మలేదు. ఆ నీళ్లు విస్తారముగా త్రాగి స్వస్థపడిన రోగులను తానే చూచియుండెను గదా! పంపు మీది నేరము అబద్ధమని ఋజువు చేయదలచి తన విచారణ ఆరంభించెను.

డాక్టరునకు తలుపు తీయనివారు గురువునకు తీయుదురు. ఆయనకు ఆ వీధిలోని ప్రతివాని పేరు తెలియును, ఏ అవ్వకు నీళ్లు ఎవరు తెచ్చి పోయుదురో తెలియును. ఒక్కొక్క యింటికి నాలుగైదు పర్యాయములు పోయెను. ఊరు విడిచిపోయినవారిని వెదకి పట్టుకొనెను. బ్రదికియున్నవారినిగూడ అడిగెను; త్రాగితిరా, ఎప్పుడు త్రాగితిరి, ఎవరు తెచ్చిరి? లెక్క తేలినది ఆయన కోరినట్లు కాదు. ఆ నీళ్లు త్రాగిన 137 మందిలో 80 మందికి రోగము వచ్చెను. త్రాగని 297 మందిలో 20 మందికి మాత్రమే వచ్చెను. ఆయన తన పూర్వపు మాటను విడిచి, స్నో చెప్పినది నిజమని అచ్చులో వ్రాసెను.

అయితే మొదటి మురికి బావిలోనికి ఎట్లు వచ్చెను? స్నో దానిని చూపలేకపోయెను. 1855లో వైట్‌హెడ్ మరణముల పట్టీ తిరుగవేయుచుండగా ఒక పంక్తి ఆయన కంటబడెను. బ్రాడ్ వీధి 40వ నంబరు ఇంటిలో అయిదు నెలల ఆడబిడ్డ, నాలుగు దినముల విరేచనముల తరువాత సెప్టెంబరు 2న మరణము. అనగా ఆ బిడ్డకు రోగము వచ్చినది అందరికంటె ముందు. ఆ యిల్లు సరిగా పంపునకు ఎదుటనే. ఆయన తల్లియొద్దకు వెళ్లి మెల్లగా అడిగెను. బిడ్డ గుడ్డలు బాల్చీలో నానవేసి, ఆ నీళ్లు ఇంటి ముందరి గుంటలో పోసితినని ఆమె చెప్పెను. త్రవ్వించి చూడగా గుంట గోడ ఇటుకలు చివికి ఊడియుండెను. గుంటకును బావికిని మధ్య మూడు అడుగుల దూరమైనను లేదు. మురికి నీళ్లు మంటిగుండ బావిలోనికి దిగిన జాడలు స్పష్టముగా కనబడెను.

ఆ తల్లిని ఏమనగలము? బిడ్డకు రోగము వచ్చినప్పుడు లోకములోని ప్రతి తల్లియు చేయు పనినే ఆమె చేసెను. ఇంతటితో ఆమె కథ ముగియలేదు. ఆమె భర్త పోలీసు జవాను. ఆయనకు కలరా తగిలిన దినము సెప్టెంబరు 8, పంపు పిడి తీసిన దినమే. పదునొకండు దినములు పడియుండి 19వ తేదీన చనిపోయెను. ఆ దినములలోను బాల్చీలు ఆ గుంటలోనికే పోయెను, అక్కడినుండి బావిలోనికిని దిగియుండవచ్చును. కాని బావికి పిడి లేదు. రోగము తగ్గెనని తిరిగి వచ్చుచున్న జనులు ఆ నీళ్లు తోడుకొనలేకపోయిరి. పిడి తీయుట ఆలస్యమైనదనువారు ఈ జవాను సంగతి తలంచవలెను.

ఇంత జరిగినను పై అధికారులు ఒప్పుకొనలేదు. ప్రభుత్వ ఆరోగ్యసంఘమువారు 1855లో స్నో మాటను త్రోసివేసిరి. తన పుస్తకమును పెంచి వ్రాసి ఆ సంవత్సరమే రెండవసారి అచ్చువేయించుటకు ఆయన 200 పౌనులకు పైగా స్వంత సొమ్ము వ్యయపరచెను. తిరిగి వచ్చినది కొన్ని షిల్లింగులే. ఆయన కోపగించి యెవరిని దూషించినట్లు లేదు, తన పనిలో తానుండెను. 1858వ సంవత్సరము జూను నెలలో మత్తుమందులను గూర్చిన పెద్ద గ్రంథము వ్రాయుచుండగా పక్షవాతము తగిలి, జూను 16వ తేదీన, 45వ యేట, చనిపోయెను. లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రిక ఆయన మరణవార్తను కొద్ది పంక్తులలో వేసెను. దానిలో కలరా మాటయే లేదు. ఆ పత్రికవారు 2013లో, 155 సంవత్సరములకు, తమ లోపమును దిద్దుకొనిరి.

ఆ వేసవిలోనే థేమ్సు నది కంపు భరింపలేక పార్లమెంటువారు పెద్ద మురుగుకాలువలు కట్టించుటకు ధనమిచ్చిరి. కంపునకు భయపడి కట్టిన కాలువలే మలమును త్రాగునీటినుండి వేరుచేసి జనులను కాపాడెను. తప్పు కారణమునకు మంచి పని జరిగెను. 1866లో తూర్పు లండనులో కలరా చివరిసారి ప్రబలినప్పుడు, పూర్వము గాలినే నమ్మిన లెక్కల అధికారి విలియం ఫార్ నేరుగా నీటి కంపెనీవైపు చూచెను. వడకట్టని చెరువు నీళ్లు కలిసినవని అక్కడ తేలెను. క్రిమిని ఇటలీలో పచీని అను వైద్యుడు 1854లోనే సూక్ష్మదర్శినిలో చూచెను గాని ఆ సంగతి ఎవరును పట్టించుకొనలేదు. జర్మనీ దేశస్థుడైన రాబర్టు కాక్ 1883లో ఐగుప్తునకును, పిమ్మట కలకత్తాకును వచ్చి దానిని స్థిరపరచెను. కలకత్తాలో ఆయన దానిని రోగుల ప్రేగులలోనే గాక ఒక చెరువులోను చూచెను. ఆ చెరువులోనే జనులు స్నానము చేయుచు, గుడ్డలుతుకుచు, అదే నీటిని త్రాగుచుండిరి. అట్టి చెరువు నెరుగని చదువరి మనలో ఎవరు?

కలరా తగిలినవానికి ఇప్పుడు భయము లేదని చెప్పవచ్చును, ఆలస్యము చేయకున్నచో. పోయిన నీటిని ఉప్పును తిరిగి పోయుటయే ముఖ్య వైద్యము. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి, కలిపి కొంచెము కొంచెముగా మాటిమాటికి త్రాగించుచు ఆసుపత్రికి తీసికొని పోవలెను. బంగారమువంటి ఈ ఉపాయము 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరములలో వేలమంది ప్రాణములు నిలిపెను. కిల్లింగ్‌వర్తు గనులలో ఆ పదునెనిమిదేండ్ల పిల్లవానికి ఇది తెలిసియుండినచో!

బ్రాడ్ వీధిలో ఇప్పుడు పిడిలేని పంపు ఒకటి జ్ఞాపకార్థముగా నిలిపియున్నారు. దాని సమీపముననున్న మద్యపు దుకాణమునకు, మద్యము మానిన ఆ మనుష్యుని పేరే పెట్టియున్నారు. వైట్‌హెడ్ గురువుగారు ఆ పేట విడిచి వేరు సంఘములకు వెళ్లి, 1896 వరకు జీవించిరి. తాను తప్పని చూపబోయి నేస్తమైన వైద్యుని పటము, ఆయన చదువుకొను గదిలో చివరివరకు గోడకు వ్రేలాడుచుండెను.